దుఖాన్ బస్సు

వయసు మీద పడిందని కంపెనీ నన్ను తీసేసిందని, ఈ ఎడారి నగరంలో మేముండే పేట మదీనత్ ఖలీఫాలో చెప్పుకుంటున్నారట. ఆ మాటలో నిజం లేదు.

ఉద్యోగులు ఇంటి నుంచే పనిచేస్తే, చమురు బావుల దగ్గర మా ఆఫీసున్న దుఖాన్‌కు రోజూ తిరిగే స్టాఫ్ బస్సు ఆగి ఎంత పొగ తగ్గుతుందో లెక్కగట్టి నివేదిక ఇచ్చింది నేనే. కంపెనీ ఒప్పుకుంది. బస్సు ఆగింది. పదకొండేళ్లు దాన్ని నడిపిన పోశన్నకు ఇక పని లేదని ఊరికి విమానం టికెట్టు ఇచ్చారు.

వెళ్లే రోజు అతను మా గుమ్మం దాకా వచ్చాడు.

“బాధపడకుండ్రి మేడమ్. పొగ తగ్గితె మీ దగ్గు గూడ తగ్గుతది.”

ఆరు నెలలు, నేను బస్సెక్కిన ప్రతి ఉదయం, ముందురోజు ఎంత డీజిల్ తాగిందో చీటీ మీద రాసి ఇచ్చినవాడు అతనే. నా నివేదిక అంతా ఆ చీటీల మీదే నిలబడింది.

“అవి ఎందుకడిగానో నీకు తెలియదు కదా, పోశన్నా?”

“తెల్వకేంది మేడమ్? బస్సు బంద్ జేసెతందుకే అని రెండో దినమే సమజైంది. తక్కువ రాద్దునా అనుకున్న. రేపు మీకు మాటొస్తదని సరిగ్గనే రాసిన.”

నివేదికలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. గాలికి మేలు జరిగిన మాటా నిజమే. ఆ గాలి పీలుస్తూ ఇంట్లో కూర్చొని పనిచేయడం మాత్రం నా వల్ల కాలేదు. ఎవరినీ అడగకుండా, ఆ సాయంత్రమే రాజీనామా పంపాను.