పద్నాలుగో చుక్క

“పద్నాలుగో చుక్క దగ్గర నాలుగుసార్లూ సున్నాయేనా?” ప్రొఫెసర్ కాగితం ముందుకు తోశాడు.

“అవును సార్,” అంది విద్యార్థిని.

అడవి గుడ్లగూబలు పొలాల మధ్య ఎక్కడ కాపురం పెడతాయన్నది ఆమె పరిశోధన. మ్యాపు మీద ముప్ఫై చుక్కలు. ప్రతి చుక్క దగ్గరా నాలుగేసి సార్లు నిలబడి, రికార్డు చేసిన కూత వినిపించి, బదులొస్తే రాసుకోవాలి, రాకపోతే సున్నా చుట్టాలి.

“పన్నెండేళ్ల కిందట సరిగ్గా అక్కడే, గట్టు మీది తొర్ర చెట్టులో జంటను చూశాను. తొర్ర చెట్టుంటే చాలు, చుట్టూ పొలాలున్నా గూబ వదలదని నా థీసిస్‌లో రాసింది ఆ చెట్టును చూసే. అసలు వెళ్లావా నువ్వు?”

మొదటిసారి బయల్దేరినప్పుడే దారిలో కుక్కలు తరిమాయి. మళ్లీ పోయే ధైర్యం లేక, బస్టాపులో కూర్చుని సున్నాలు చుట్టేసింది. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు.

“లేదు సార్. ఒక్కసారి కూడా అక్కడిదాకా వెళ్లలేదు.”

“సిగ్గుండాలి. ఎండనక వాననక నలభైసార్లు తిరిగాను నేను. రేపు వెళ్లి ఆ చోటు ఫొటో పంపు. అప్పటిదాకా నీ డిగ్రీ కాగితాల మీద సంతకం పెట్టను.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. అంతటి మనిషి దగ్గర చదువుకుంటూ ఎంత పాడు పని చేశాను అని దారి పొడుగునా ఏడ్చింది.

మర్నాడు కర్ర పట్టుకుని కుక్కల్ని దాటింది. ఫోనులో బాణం చూపిన వైపు నడిచింది. కాళ్లు తడిసి ఆగిపోయింది. ఎదురుగా చెరువు. పద్నాలుగో చుక్క దాని నడిమధ్యన ఉంది.

ఒడ్డున గేదెను కడుగుతున్న ముసలావిడను అడిగింది. “పెద్దమ్మా, ఇక్కడ తొర్ర చెట్టు ఉండేదట. చెరువు తవ్వించి ఎన్నాళ్లయింది?”

“చెట్టేంటమ్మా నీళ్లలో? మా మామగారు చిన్నప్పుడు ఈత నేర్చుకుంది ఇందులోనే.”

ఫొటో తీసి పంపింది. గేదె ఒడ్డెక్కి ఒళ్లు దులుపుకునేంతలో ఫోను మోగింది. ప్రొఫెసర్ గొంతు చాలా మెత్తగా ఉంది.

“ఇంకెవరికీ పంపలేదు కదమ్మా? తొందరగా వచ్చెయ్, సంతకం పెట్టేశాను.”