మంగళత్త మోటారు

"ఎత్తు... ఇంకొంచం ఎత్తు," అంది జనని.

కాలనీ పనివాడు ఇసక్కిముత్తు గడ్డపార ఆనించి కాలువ మీది రాతిపలకను పక్కకు ఒరిగించాడు. అడుగున నీళ్ళు గలగలా పారుతున్నాయి. జనని వంగి, దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. మురుగు కాదు. తేటగా, చల్లగా ఉన్నాయి. వానలు వెనకబట్టి వారాలయింది, కొండ మీద కూడా మబ్బు లేదు. మరి ఇన్ని నీళ్ళు ఎక్కడివి?

రాజపాళయం చివర, సత్రపట్టి దారిలో ఉన్న ఆ కాలనీ సంఘానికి జనని కొత్త సెక్రటరీ. పదవిలోకి రాగానే ఆమె చెవిన పడిన మొదటి ఫిర్యాదు ఇదే. పల్లపు వీధిలో కాలువ పొంగి రోడ్డు ఎప్పుడూ తడిగానే ఉంటోంది. అందరికంటే గట్టిగా అరిచేది కోదండరామ. పొంగేది ఆయన గేటు ముందే మరి.

"స్కూటర్ నిలిపేకి చోటు లేదమ్మా. పాచి పట్టి నేనే జారి పడినాను," అన్నాడాయన గేటు పట్టుకుని. "లోపల నా పెండ్లాము ఇందిరాణికి వీసింగ్, ఆయాసం. చెమ్మ ఆమెకి పడనే పడదు."

"ఇంట్లో చెమ్మ ఉండాదా మామా?"

"ఇంట్లో ఏమీ లేదు. అవస్థంతా రోడ్డుతోనే."

జనని కాలువ వెంబడి ఎగువకు నడిచింది. పలక తీసిన ప్రతిచోటా అదే తేట నీరు. మలుపు తిరిగి కొంచెం ముందుకు పోయాక కాలువ ఒట్టిపోయి ఉంది. వెనక్కి వచ్చి చూస్తే, ఒక ప్రహరీగోడ కిందనుంచి నల్లటి గొట్టం బయటికి పొడుచుకొచ్చి కాలువలోకి నీళ్ళు కక్కుతోంది. గోడ అవతల మోటారు చప్పుడు.

అది మంగళం ఇల్లు. ఆ కాలనీ అంతా ఒకప్పుడు వాళ్ళ నాయన మామిడి తోట. పంపకాల్లో పాత బావి ఉన్న జాగా మంగళానికి, దాని కింది పల్లం తమ్ముడు కోదండరామకు వచ్చాయి. ఆ పంపకాలతోనే అక్కాతమ్ముళ్ళకు మాటలు పోయాయి.

"నాకు అప్పుడే తెలుసు!" అన్నాడు కోదండరామ సంగతి వినగానే. "నా వాకిట్లో చెరువు కట్టేకే నీళ్ళు విడుస్తా ఉండాది."

సంఘం కూడింది. మంగళం వచ్చి ఓ పక్కగా కూర్చుంది.

"అత్తా, బావిలో నీళ్ళు ఏమిటికి తోడి పారబోస్తా ఉండారు?" అడిగింది జనని.

"నిండితే తోడాల కదా."

"నిండితే నిండనీండి. దానికేమి?"

కోదండరామ గోడ వైపు తిరిగి, "కాలువ అందరిదీ అని ఆమెకి చెప్పండి," అన్నాడు.

మంగళం తమ్ముడి వైపు ఒకసారి చూసింది. "అందరూ నిలిపేయమంటే నిలిపేస్తాను. నాకేమి," అని లేచి వెళ్ళిపోయింది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని జనని అనుకోలేదు. పోట్లాడి ఉంటేనే బాగుండేదనిపించింది.

మోటారు ఆగింది. రోడ్డు ఆరింది. కోదండరామ స్కూటరు గేటు ముందే దర్జాగా నిలిపాడు. వీధివాళ్ళు జననిని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు పాతబడకముందే ఫోను వచ్చింది.

"జననీ, వెంటనే రామ్మా!"

కోదండరామ ఇంట్లో టైల్స్ సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. తుడిచేకొద్దీ ఊరుతున్నాయి. ఇందిరాణి మంచాన్ని ఇటుకల మీదికి ఎత్తారు. ఆమె దిండుకు ఆనుకుని, ఊపిరి అందక ఎగరోజుతోంది. పక్కింటి సంపులోకి గోడలోంచే నీళ్ళు దూరుతున్నాయట. పల్లపు వీధిలో ఒక్క ఇంటి నేల కూడా పొడిగా లేదు.

జననికి ఏదో తట్టింది. పరుగున వెళ్ళి ప్రహరీగోడ మీదుగా తొంగి చూసింది. బావి అంచుదాకా నిండి మిలమిలలాడుతోంది.

"మామా, నేలలో ఊరేదంతా ఆ బావి లాగేసుకుంటా ఉండినాది. మోటారు దాన్ని తోడేస్తా ఉండినాది. అందుకే మన ఇండ్లు ఆరి ఉండినాయి," అంది తిరిగొచ్చి.

కోదండరామ ముఖం గంటు పెట్టుకుని, "మన కోసమా తోడినాది? బావి పక్కనే తన ఇల్లు. అది మునిగిపోతాదని తోడుకొనినాది. నేను పోయి అడగను. నువ్వే పో," అన్నాడు.

జనని వెళ్ళేసరికి మంగళం వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అత్తా, మోటారు మళ్ళీ వేయాల. ఈసారి కాలువలోకి వద్దు. బావి నుంచి వాగుదాకా నేల కింద సంఘమే పైపు వేస్తాది. రోడ్డూ తడవదు, ఇండ్లూ తడవవు."

"ఇందిరాణి ఎట్లుండాది?"

"మిద్దె మీదికి మార్చినాము. ఆవిరి పట్టినాక కొంచం మేలు."

మంగళం చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. స్విచ్ నొక్కింది. మోటారు గురగురమంది. గొట్టం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని నిండింది.

జనని వెనకే వచ్చి నిలబడింది. ఆమెకు ఒక్కటే అంతుబట్టలేదు.

"ఆ దినమే చెప్పుండకూడదా అత్తా? మోటారు నిలిపితే నా ఇల్లు మునిగిపోతాదని ఒక్క మాట అనుంటే, మేము నిలిపేయమని చెప్పుండము కదా!"

మంగళం గొట్టం వైపే చూస్తోంది.

"నా ఇంట్లోకి నీళ్ళెప్పుడూ రాలేదమ్మా."