ఎవరూ లేని కుంట

ఆ కుంటలో నీళ్లెంత పాతవో కప్పలూ అంత పాతవి. తర్వాతెప్పుడో ఎగిరొచ్చిన బాతులు చుట్టూ చూసి, "ఇక్కడెవరూ లేరు, కుంట మనదే" అన్నాయి. ఆ మాట అంటూ వాటి పెద్ద భూషయ్య నిలబడి ఉన్నది నూకాలు అనే కప్ప వీపుమీదే. అప్పట్నించీ నూకాలు సంసారం తుంగమూల బురదలోకి మారింది. అక్కడా దాని పిల్లల్ని బాతులు ఫలహారంలా మింగేవి.

ఈ ఏడు గొంతు కింద సంచులు వేలాడేసుకుని గూడకొంగల దండు దిగింది. వాటి రాజు కుంటంతా కలయజూసి, "ఇక్కడెవరూ లేరు, కుంట మనదే" అన్నాడు.

"మేం లేమా?" అని అరిచిన భూషయ్యకి ముక్కుతో ఒక్కటి తగిలింది. తోక ఈకలు సగం నీళ్లలో వదిలేసి అతను తుంగమూలకి పరిగెత్తాడు.

"నూకాలక్కా! మన కుంట పోయిందే! కాస్త చోటివ్వు!"

"మన కుంటా? ఎప్పట్నించి తమ్ముడూ?" నూకాలు కళ్లు మిటకరించింది. "చోటిస్తాను గానీ, నా పిల్లల జోలికొచ్చావో, నేనే కేకేసి కొంగల్ని పిలుస్తాను."

"ముట్టనక్కా, ఒట్టు!"

మెడదాకా బురదలో దిగి, "అబ్బా, ఎంత ఇరుకు!" అని మూలిగాడు భూషయ్య.

"ఇరుకేంటి తమ్ముడూ, కాళ్లు బార్లా చాపుకో," అంది నూకాలు. "ఇక్కడెవరూ లేరుగా!"