మాష్టారికి పరీక్ష

"ప్లాసీ యుద్ధం ఎప్పుడు జరిగింది మాష్టారూ?" అడిగింది డాక్టరమ్మ.

"పద్దెనిమిది వందల యాభై ఏడు," అన్నారు మాష్టారు.

పక్క కుర్చీలో ఉన్న ఆయన భార్య నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా రాత! అది సిపాయిల తిరుగుబాటండీ. ప్లాసీ పదిహేడు వందల యాభై ఏడు. సరిగ్గా నూరేళ్ళు మింగేశారు!"

డాక్టరమ్మ ఫైలులో ఏదో రాసుకుంది. మాష్టారు తల వంచుకున్నారు. ముప్పై ఆరేళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. తారీఖులు ఆయనకు కొట్టిన పిండి. ఆ రోజుల్లో ఆయన ఇంటికి తెచ్చిన పరీక్ష పేపర్లలో సగం ఎర్ర పెన్ను పట్టుకుని ఆవిడే దిద్దేది. తప్పు కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు, నోరు అంతకన్నా ఊరుకోదు.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది డాక్టరమ్మా ఈయన సంగతి," అంది ఆవిడ. గొంతులో చిరాకు కన్నా భయమే ఎక్కువగా ఉంది. "నిన్న స్టవ్వు ఆర్పకుండా వదిలేశారు. మొన్న వీధి తలుపు బార్లా తీసి పడుకున్నారు. అడిగితే అవును నేనే అంటారు. ఇలాగైతే నేనొక్కదాన్నీ ఎలా నెగ్గుకొచ్చేది?"

"నేనే," అన్నారు మాష్టారు అలసటగా.

"జలియన్‌వాలాబాగ్?"

"పంతొమ్మిది వందల ఇరవై ఒకటి."

"పంతొమ్మిది వందల పంతొమ్మిది! ఏప్రిల్ పదమూడు!"

"దండి యాత్ర?"

"ముప్పై అయిదు."

"ముప్పై! మార్చి పన్నెండున బయల్దేరారు. ఇదే తప్పు రాసిన పిల్లల చేత వందేసి సార్లు రాయించారు కదండీ, మర్చిపోయారా?"

మాష్టారి మొహం కాస్త తేటపడింది. తిట్లు తింటూ తేటపడే మొగుణ్ణి చూడాలంటే ఈయన్నే చూడాలి.

"క్విట్ ఇండియా?"

"నలభై నాలుగు," అన్నారు మెల్లగా, ఆవిడ వైపు చూస్తూ.

ఆవిడ చేతిసంచి సర్దుకుంటోంది. "ఆ, అది బాగానే చెప్పారు."

డాక్టరమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది. "మన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది ఎప్పుడు?"

"జనవరి ఇరవై ఆరు," అని ఆగి, "యాభై రెండు," అన్నారు.

"చూశారా! కుదురుగా ఆలోచిస్తే అన్నీ వస్తాయి ఈయనకి."

"యాభై రెండేనా?" భార్యను అడిగారు మాష్టారు.

"యాభై రెండే. మళ్ళీ అనుమానమొకటి!"

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

ఆవిడ లేచింది. "కొత్త డాక్టరైనా ఎంత ఓపికండీ! మంచి మందు రాయించుకుని రండి. బయట బల్ల మీద కూర్చుంటాను. మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుందురుగాని."

ఆవిడ వెళ్ళాక తలుపు మూసుకుంది. డాక్టరమ్మ ఫైలు ఆయన వైపు తిప్పింది.

"పోయిన నెల అమ్మగారు మీ తప్పు ఒక్కటీ వదల్లేదు మాష్టారూ," అంది. "ఈసారి రెండు వదిలేశారు."