ముందు వెళ్ళే సైకిలు

వ్యాపారి తన ఇంటి సందు మొదట్లో కారును అడ్డంగా ఆపాడు.

ముందు వస్తున్న సైకిలు ఆగింది. దాని వెనక చక్రానికి అంటుకున్నట్టు వస్తున్న రెండో సైకిలూ ఆగింది.

రెండోదాని మీద ఉన్నది అతని తండ్రి.

మొదటిదాని మీద ఎండకు కమిలిపోయిన మనిషి. సైకిలుకు ముందూ వెనకా సంచులే. బజారులో అతనికి సంచులాయన అని పేరు పెట్టేశారు.

మీ నాన్న రోజూ ఎవడి వెనకాలో పోతున్నాడని పక్క షాపువాడు చెప్పినప్పుడే వ్యాపారి లెక్క వేసుకున్నాడు. లాభం లేకుండా ఎవడూ ఒక ముసలాయనతో ఇన్నాళ్ళు తిరగడు. ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉంది.

సంచులాయన రెండుసార్లు షాపు గుమ్మం దాకా వచ్చాడు కూడా. కారు లేనివాడికి సీటు కవర్ల షాపులో ఏం పని? బేరం లేనివాణ్ణి నిలబెట్టి మాట్లాడే అలవాటు వ్యాపారికి లేదు. చెయ్యి ఊపి పంపేశాడు.

"ఇంటిదాకా వచ్చేశావన్నమాట," అన్నాడు ఇప్పుడు.

సంచులాయన దిగి, చాలా రోజులుగా మీకొక మాట చెప్పాలనుకుంటున్నానని మొదలుపెట్టాడు. వ్యాపారి ఆ మాట సాగనివ్వలేదు. ఈ చుట్టుపక్కల మళ్ళీ కనిపిస్తే సంచులతో సహా పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెడతానన్నాడు.

"సరేనండీ. పెద్దాయన్ని మాత్రం ఒంటరిగా వదలకండి."

"నువ్వు వదిలితే చాలు. మా నాన్న సంగతి నేను చూసుకుంటా."

"చూసుకుంటారుగా?"

"చెప్పానుగా. బయలుదేరు."

సంచులాయన తల ఊపి, పెద్దాయనకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. పెద్దాయన హ్యాండిల్ అటు తిప్పబోతే కొడుకు రెక్క పట్టుకుని ఆపాడు.

పెద్దాయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ సైకిలు మీదే ఆఫీసుకు వెళ్ళాడు. సెలవు దొరికితే స్నేహితులతో కలిసి ఊళ్ళు దాటిపోయేవాడు. అందరూ ఒకే వరసలో, ముందువాడి చక్రం మీద చూపు పెట్టి, గాలికి తలవంచి తొక్కేవాళ్ళు. కొడుకు కారు కొన్నాక ఒక్కసారి కూడా ఎక్కలేదు.

"అందులో కూర్చుంటే ఊరు కనపడదురా, అద్దం కనపడుతుంది," అనేవాడు.

ఈమధ్య మామయ్య తిన్న సంగతి మరిచిపోయి మళ్ళీ అన్నం అడుగుతున్నారని, నన్ను అత్తయ్య అనుకుంటున్నారని వ్యాపారి భార్య ఆ రాత్రి చెప్పింది. డాక్టరుకు చూపిద్దామంది.

వ్యాపారి కొట్టిపారేశాడు. "పొద్దున పోయి సాయంత్రానికి దారి తప్పకుండా ఇల్లు చేరుతున్నాడు. అలాంటి మనిషికి మతిమరుపేంటి?"

లెక్క సరిగ్గానే ఉన్నట్టు తోచి ఆమె ఊరుకుంది.

మర్నాడు పెద్దాయన ఎప్పటిలాగే సైకిలు తీసుకుని వెళ్ళాడు.

దీపాలు పెట్టే వేళ దాటినా రాలేదు. ఫోను దిండు కిందే ఉంది.

వ్యాపారికి ఒక్కటే అనుమానం. ఆ సంచులవాడే పట్టుకుపోయాడు. పోలీసులకూ అదే చెప్పాడు. వాళ్ళు ఫొటో తీసుకుని, చూస్తామన్నారు. రాత్రంతా కారులో తిరిగాడు. పెద్దాయన తొక్కే కాలవగట్టు మీదికి కారు ఎక్కదు. దిగి, టార్చి పట్టుకుని, గొంతు పోయేదాకా పిలుచుకుంటూ నడిచాడు.

తెల్లవారాక ఎవరో చెప్పారు, సంచులాయన మకాం బైపాస్ కూడలిలో, పంక్చర్ షాపు రేకుల షెడ్డులోనని.

షాపు నడిపేది ఒకామె. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తోంది. ఫొటో చూపించగానే గుర్తుపట్టింది.

"ఈ పెద్దాయనా? ఇక్కడిదాకా బాగానే వస్తాడన్నా. తిరిగి వెళ్ళేటప్పుడే ఎటు పోవాలో తెలియదు. నడి కూడలిలో నిలబడిపోతాడు."

"నిలబడి?"

"ముందు ఏ సైకిలు పోతే దాని వెనకాలే పోతాడు. పాలవాడిదైనా, కూలివాడిదైనా. ఒకసారి ఇటుకబట్టీ దాకా వెళ్ళిపోయాడు పాపం."

"నిన్న ఎవరి వెనకాల పోయాడు?"

"నేను పని మీద ఉన్నానన్నా. తల ఎత్తేసరికి లేడు."

వ్యాపారి కూడలి వైపు చూశాడు. పనికి పోయేవాళ్ళ సైకిళ్ళు నాలుగు దిక్కులా పోతున్నాయి. దేని వెంట పరుగెత్తాలో అతనికి తెలియలేదు.

షెడ్డు ఖాళీగా ఉంది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

"మరి ఆ సంచులవాడు మా నాన్నను రోజూ ఎక్కడికి తీసుకుపోయేవాడు?"

ఆమె అతన్ని వింతగా చూసింది.

"మీ ఇంటికేనన్నా. దేశాలు తిరగడానికి బయలుదేరినాయన, మీ నాన్నకు ఇంటి దారి చూపించడానికే ఇన్నాళ్ళూ ఇక్కడ ఆగిపోయాడు. కొడుకే చూసుకుంటానన్నాడు, ఇక దిగుల్లేదని నాకు చెప్పి, మొన్ననే సంతోషంగా వెళ్ళిపోయాడు."