వెలుగు మనుషులు, ఎండుచేపలు

విశాఖలో ఏది కట్టాలన్నా ముందు దాన్ని వెలుగుతో నిలబెట్టి, అందులో వెలుగు మనుషుల్ని తిప్పి చూడటం అలవాటైపోయిన రోజులవి. సముద్రపు ఒడ్డున సువర్చల గీసిన నడకదారి ఆ ఉదయం ఇసుక మీద అలాగే నిలిచింది. నీడ చెట్లు, పూల గట్లు, కూర్చోడానికి అరుగులు. వాటి మధ్య రెండు వేలమంది వెలుగు మనుషులు హాయిగా తిరుగుతున్నారు.

"మరి నా సేపలెక్కడ ఎండబెట్టాలమ్మా?" అంది మసేనమ్మ. ముప్పయ్యేళ్లుగా ఆమె చేపలు ఆరబెట్టుకునే చోటది.

సువర్చలకు సిగ్గేసింది. వెంటనే పూల గట్ల పక్కన చేపలు ఆరబెట్టే వెదురు మంచెలు చేర్చింది. మరుక్షణం వెలుగు మనుషులందరూ ముక్కులు మూసుకుని పరుగు తీశారు.

"ఇలాగైతే ఎవరూ రారు. మంచెలు తీసేయండి," అంది వెలుగు మనుషుల్ని నడిపే యంత్రం.

సాయంత్రంలోగా నమూనా ఖాయం చెయ్యాలి. సువర్చల మంచెల్ని కాస్త వెనక్కి జరిపి చూసింది, పరుగు ఆగలేదు. మసేనమ్మ మాత్రం పకపకా నవ్వింది.

"పచ్చి వాసనకి పారిపోరేటి? పక్కన పొయ్యెట్టి నాలుగు ఏయించి సూడు."

సువర్చల మంచెల పక్కన ఒక పొయ్యి, దాని మీద మూకుడు గీసింది. పారిపోతున్నవాళ్లు ఆగారు, వెనక్కి తిరిగారు. కాసేపటికి పొయ్యి ముందు వాళ్ల వరుస రోడ్డు మలుపు దాకా సాగింది. యంత్రం మాట మార్చి, అరుగులు చాలవంది. సువర్చల ఇంకో పది అరుగులు వేసి, మంచెలతో సహా నమూనాను ఖాయం చేసేసింది.

"పాపం, ఆల్లు తిన్లేరు కదా," అంటూ మసేనమ్మ గంప నెత్తికెత్తుకుంది. "నువ్వు రా తల్లీ. ఇంటికాడ నిజం మూకుడుంది."