చున్నీ లేని పరీక్ష

"బిడ్డతో క్లాసులోకి వద్దు. ఇది కాలేజీ, బాల్వాడీ కాదు."

తమిళ పాఠాలు చెప్పే సత్యప్రియ మేడం గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేతిలో ప్రశ్నపత్రాల కట్ట. కలైసెల్వి చంకలో ఉన్న ఎనిమిది నెలల మాదేశ్వరి ఆ కట్ట కోసం చెయ్యి చాచి బోసినవ్వు నవ్వింది. పసినవ్వుకు కరిగే రకం కాదు మేడం.

"రోజూ మా అత్త చూసుకుంటుంది మేడం. ఇవాళ వేరుశెనగ పీకే పనికి పోయింది. బాల్వాడీలో రెండేళ్ళు నిండనిదే తీసుకోం అంటున్నారు" అంది కలైసెల్వి తమిళంలో. బస్సులో, బజారులో, కాలేజీలో తమిళమే. తమిళనాడులోని ఈ ధర్మపురి చుట్టుపక్కల తెలుగువాళ్ళ తెలుగు ఇంటి గడప దాటదు.

"ఇవాళ్టి పరీక్ష రాయకపోతే సెమిస్టర్‌కు కూర్చోనివ్వరు. తెలుసు కదా?"

"తెలుసు మేడం. అందుకే బిడ్డనెత్తుకుని బస్సెక్కాను."

"బెల్లుకు ఇంకా పది నిమిషాలుంది. క్లాసులోకి మాత్రం వద్దు. అవతల చెట్టు నీడ లేదా?"

కొత్త లైబ్రరీ కడుతున్న వైపు ఒకసారి చూసి, మేడం లోపలికి వెళ్ళిపోయింది.

చెట్టు నీడట! బిడ్డ ఏమన్నా సైకిలా, నీడలో నిలబెట్టి తాళం వేసి రావడానికి? కలైసెల్వికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. బిడ్డ పుట్టినా చదువు మానలేదని ఊరంతా గొప్పగా చెప్పుకుంది. ఆ గొప్ప ఇవాళ్టితో తీరిపోయేలా ఉంది.

అంతలో ఆ లైబ్రరీ వైపు నుంచే ఒక ముసలి గొంతు వినిపించింది.

"ఏడవాకురా నాయనా, మీయమ్మ ఇటికెలు దించేసి వస్తాదిలే."

తెలుగు! కలైసెల్వి కాళ్ళు వాటంతటవే అటు పరుగెత్తాయి.

వేపచెట్టు కొమ్మలకు మూడు చీర ఉయ్యాలలు వేలాడుతున్నాయి. కింద చాప మీద చిన్నత్తాయి అనే ముసలమ్మ కూర్చుని, మూడింటినీ వరసగా ఊపుతోంది. కట్టుబడి పనికి వచ్చిన ఆడవాళ్ళ బిడ్డల్ని కనిపెట్టుకుని ఉండడమే ఆమె పని.

"అవ్వా, నాకు పరీచ్చ ఉండాది. గంటన్నర ఈ బిడ్డను చూసుకుంటావా?"

"మనోళ్ళ బిడ్డేనా నువ్వు? ఏ ఊరు మే?"

"కంబైనల్లూరు."

"చీర తెచ్చినావా?"

బిడ్డ కింద పరచడానికి తెచ్చిన పాతచీర సంచిలో ఉంది. చిన్నత్తాయి దాన్ని కొమ్మకు రెండు ముడులేసి, బరువు మోస్తుందో లేదో గట్టిగా లాగి చూసింది. ఆ తర్వాత ఆ చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని మూతి విరిచింది.

"ఇది నీ చీర కాదే?"

"మా అత్తది. రోజూ ఆమే కదా పండబెట్టేది."

"అది ఇంట్లో. కొత్త తావులో తల్లి వాసన ఉంటేనే బిడ్డ పండుకొనేది. నీ మీది షాల్ తీసియ్యి."

చున్నీ లేకుండా క్లాసుకా! చున్నీకి పిన్ను ఊడితేనే సత్యప్రియ మేడం నిలబెట్టి నాలుగు దులుపుతుంది. అయినా కలైసెల్వి చున్నీ తీసిచ్చింది. తిట్లు తింటే కడుపేమీ నొప్పెట్టదు. చిన్నత్తాయి దాన్ని మెత్తగా మడిచి ఉయ్యాలలో పరిచింది. మాదేశ్వరి అందులో మొహం దాచుకుని, రెండు ఊపులకే కళ్ళు మూసింది.

పక్క ఉయ్యాల చీరకు గంజి బిరుసు ఇంకా పోలేదు. ఇటుకలు మోసేవాళ్ళకు గంజి చీరలెక్కడివి?

"ఇదెవురిది అవ్వా?"

"వచ్చేటోళ్ళ పేరు అడగను, పొయ్యేటోళ్ళకు చెప్పను. నువ్వు పో మే, టైమాయె."

మేస్త్రి పెండ్లాందేమోలే అనుకుని కలైసెల్వి పరుగుతీసింది.

ఫైలు గుండెలకు అదుముకుని క్లాసులో అడుగు పెట్టేసరికి బెల్లు మోగింది. మేడం ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. కలైసెల్వి తల దించుకుని తిట్ల కోసం కాచుకుంది. ఒక్కటీ రాలేదు. మేడం ప్రశ్నపత్రం చేతికిచ్చి ముందుకు నడిచింది. ఇవాళ సూర్యుడు పడమట పొడిచినట్టున్నాడు.

ప్రశ్నలన్నీ చదివినవే. బిడ్డకు పాలిస్తూ బట్టీపట్టిన పద్యం కూడా వచ్చింది. కలైసెల్వికి హాయిగా అనిపించింది. మొదటిది అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా కిటికీలోంచి ఏడుపు వినిపించింది.

సన్నగా మొదలైన ఏడుపు గుక్క పట్టింది. కలం ఆగిపోయింది. మాదేశ్వరేనా? నాలుగు ఉయ్యాలలున్నాయి, ఎవరైనా కావచ్చు. లేచి పోతే పరీక్ష పోతుంది, కూర్చుంటే ప్రాణం నిలవడం లేదు. పాలు చేపుకొచ్చి చుడీదారు తడిసింది. కలైసెల్వి తెగించి సగం లేచి, మేడం ఎక్కడుందా అని చూసింది.

మేడం కిటికీ ఊచ పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆ ఏడుపే వింటోంది.

ఇక తన పని అయిపోయిందనుకుంది కలైసెల్వి. కానీ మెల్లగా మేడం మొహంలో బిగువు సడలింది. గంజి పెట్టిన చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ తిన్నగా కలైసెల్వి బల్ల దగ్గరికి వచ్చింది. జవాబు పత్రాన్ని బోర్లించి, చెవి దగ్గరికి వంగి, ఇన్నాళ్ళూ ఆ నోట ఎన్నడూ వినని ఇంటి తెలుగులో అంది:

"పొయ్యి పాలిచ్చి రా మే. ఆ ఏడుపు మావానిది కాదు."